సిమెంటు ఒలిచి సున్నం పూశాం: కోనసీమలో ఒక మండువా లోగిలి బయటి గోడల పునరుద్ధరణ

కోనసీమలో కాలువ గట్టుకి దగ్గరగా ఉన్న ఈ మండువా లోగిలి వయసు నూరేళ్ళు దాటింది. ఇంటివారు కోరినందువల్ల ఊరి పేరు రాయడం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల కింద వరి స్థిరపడ్డాక, చేతిలో డబ్బు ఆడిన కుటుంబాలు డెల్టాలో ఇలాంటి ఇళ్ళు చాలా కట్టుకున్నాయి. వీధి వైపు 18 మీటర్ల ముఖం, 24 మీటర్ల లోతు, నడుమ మండువా, ముందు టేకు స్తంభాల వసారా, గుమ్మానికి రెండు పక్కలా అరుగులు, పైన మంగళూరు పెంకు. గోడలు సున్నంతో కట్టిన ఇటుకవి, మందం 450 మి.మీ. వీధి గుమ్మం పైన సున్నపు గారతో తీర్చిన లతలు, కలశాలు, ఎదురెదురుగా రెండు చిలకలు.

1990ల్లో బయటి గోడల పాత గార చెక్కేసి సిమెంటు పూత పూశారు. ఆ తర్వాత దానిమీద ప్లాస్టిక్ పెయింటు రెండు మూడు దఫాలు పడింది. మేం చూసేనాటికి కిటికీ గడప ఎత్తు వరకు పెయింటు బుడగలు లేచి రేకులుగా ఊడుతోంది. వేలి కణుపుతో తడితే సిమెంటు పూత డొల్లగా మోగుతోంది. ఊడిన చోట వెనక ఇటుక ముఖం గోరుతో గీకితే ఎర్రటి పొడిగా రాలుతోంది. ఇంటివారు అడిగింది మంచి వెదర్ కోట్ పెయింటు. అది వేస్తే రెండు వానాకాలాలు కూడా నిలవదని, పైగా ఇటుక ఇంకా లోతుకి తినేస్తుందని గోడ పరీక్షలు చూపించి ఒప్పించాల్సి వచ్చింది. ఇలాంటి ఇంటి బయటి పనిలో రంగు చివరిది. మొదటిది నీళ్ళు.

నీళ్ళు వచ్చే దారులు

ఒకటి, వీధి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో 750 మి.మీ. ఎత్తు ఉండాల్సిన పునాది వీధి వైపు 300 మి.మీ. మాత్రమే మిగిలింది. వాన పడితే రోడ్డు నీళ్ళు అరుగు కిందకి చేరుతున్నాయి.

రెండోది, ఇంటి చుట్టూ మీటరు వెడల్పున పోసిన సిమెంటు చప్టా. గోడకి తడి తగలకూడదని పోసినదే. కానీ ఏడాది తిరక్కుండా గోడకీ చప్టాకీ మధ్య సన్నటి బీట పడుతుంది. చప్టా మీద పడ్డ నీళ్ళన్నీ ఆ బీటలోకి దిగుతాయి. నేలలో ఉన్న తడి ఆవిరై పోవడానికి చప్టా అడ్డం, కాబట్టి మిగిలిన దారి గోడ ఒక్కటే. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. అలాంటి చోట ఈ చప్టా చేసే నష్టం ఎగువ ప్రాంతాల్లో కంటే చాలా ఎక్కువ.

మూడోది చూరు. చివరి వరసలో పగిలిన పెంకులు, కొప్పు మీద సిమెంటు పెట్టిన చోట నెర్రెలు, పడమటి మూలన పిట్టగోడలో వేరు తన్నిన రావి మొక్క.

నాలుగోదాన్ని కంటితో పట్టుకోలేం. ఉత్తరం గోడకి ఆనుకుని ఒకప్పుడు పశువుల కొట్టం ఉండేది. కొట్టం తీసేసి చాలా ఏళ్ళయింది. కానీ పశువుల మూత్రం నుంచి ఏర్పడ్డ నైట్రేట్ లవణాలు గోడలోనే ఉండిపోయాయి. అవి గాలిలోని తేమని పీల్చుకుంటాయి. అందుకే ఆ గోడ వాన లేని శ్రావణ మాసపు రోజున కూడా చెమర్చినట్టు ఉండేది.

ఏ గోడలో ఏ తడి ఉందో తేల్చడానికి రెండు సూదుల తేమ మీటరుని నమ్మకూడదు. లవణాలు కరెంటుని బాగా పోనిస్తాయి కాబట్టి ఉప్పు ఉన్న పొడి గోడని కూడా అది తడి గోడ అంటుంది. మేం చేసే పద్ధతి పాతదే. 10 మి.మీ. బిట్టుతో, వేడెక్కకుండా నెమ్మదిగా, నేల నుంచి 0.3, 0.9, 1.5, 2.1 మీటర్ల ఎత్తుల్లో రంధ్రాలు వేస్తాం. ఒక్కో రంధ్రంలో 20, 80, 200 మి.మీ. లోతుల్లో వచ్చిన పొడిని విడివిడిగా బిగుతు మూతల సీసాల్లోకి తీసుకుంటాం. తూచి, 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి, మళ్ళీ తూస్తే తడి శాతం తెలుస్తుంది. అంకె కంటే అమరిక ముఖ్యం. తూర్పు, దక్షిణం గోడల్లో కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ, గోడ లోపల ఎక్కువ, ఉపరితలంలో తక్కువ. అంటే నేల నుంచి ఎక్కుతున్న చెమ్మ. ఉత్తరం గోడలో పై ఎత్తుల్లో కూడా తడి ఉంది, అదీ లోపలికంటే ఉపరితలంలోనే ఎక్కువ. అది లవణం పీల్చుకున్న తేమ. పడమటి గోడలో కిటికీల కింద, చూరు కింద మాత్రమే తడి. అది వాన.

అదే పొడిని స్వేదన జలంలో కలిపి వడగట్టి, రెండు చుక్కలు నైట్రిక్ ఆమ్లం, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా విరిగింది. క్లోరైడ్ ఉన్నట్టు. సముద్రపు గాలి వీచే చోట ఇది మామూలే. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. కోనసీమలో తెల్లవారుజామున ఆ గీత దాటడం, మధ్యాహ్నం కిందకి దిగడం ఏడాదిలో చాలా రోజులు జరిగే పని. అంటే ఇటుక రంధ్రాల్లో ఉప్పు రోజూ కరిగి రోజూ గడ్డకడుతోంది. గడ్డకట్టినప్పుడల్లా రంధ్రం గోడలని నెడుతుంది.

సిమెంటు ఇక్కడ రెండు విధాల చెరుపు చేసింది. దాని రంధ్రాలు సన్నం, తడిని బయటికి సరిగా పోనివ్వదు. పైన ప్లాస్టిక్ పెయింటు పడ్డాక ఆ కాస్త దారీ మూసుకుంది. దాంతో కింద ఆరిపోవాల్సిన చెమ్మ ఆరే చోటు వెతుక్కుంటూ గోడలో ఇంకా పైకి ఎక్కింది. ఉప్పు గడ్డకట్టే చోటు పూత ఉపరితలం కాకుండా పూత వెనక, ఇటుక ముఖం మీదకి మారింది. పాత గారలో అయితే గార పాడయ్యేది, ఇటుక మిగిలేది. సిమెంటు పూత కింద పూత గట్టిగానే నిలిచింది, ఇటుక పోయింది. పూత ఎప్పుడూ ఇటుకకంటే మెత్తగా, ఎక్కువ రంధ్రాలతో ఉండాలి. దెబ్బ తినాల్సింది పూతే.

పని వరస, కాలం

డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. ఏప్రిల్, మే ఎండల్లో సున్నం గట్టిపడకముందే ఎండిపోతుంది. కాబట్టి బయటి సున్నపు పూతకి సరైన కాలం డిసెంబరు నుంచి మార్చి నడిమి వరకే. మొదటి పొడి కాలంలో పైకప్పు, నేల, సిమెంటు ఒలుపు చేశాం. తర్వాతి డిసెంబరు దాకా గోడ ఆరడానికి వదిలేశాం. ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. 450 మి.మీ. గోడ రెండు వైపుల నుంచీ ఆరినా తొమ్మిది నెలలు కావాలి. ఒట్టి ఇటుక వానలో నానకుండా గోడకి 300 మి.మీ. ఎడంగా తాటాకు తడికలు కట్టించాం. గాలి ఆడాలి కాబట్టి ప్లాస్టిక్ పట్టాలు వద్దన్నాం. ఇంటివారికి గోడ ఆరే ఈ కాలమే అన్నిటికంటే కష్టమైనది. ఒలిచిన ఇల్లు చూసి ఊరంతా అడుగుతారు. కానీ ఈ విరామం ఎగ్గొడితే తర్వాత పూసిన పూత అంతా తడి గోడ మీద పూసినట్టే.

పైకప్పు. మంగళూరు పెంకు ఈ దేశంలో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళ కార్ఖానాతో మొదలైంది. ఈ ఇంటి పెంకుల వెనక ముద్రలు రకరకాలుగా ఉన్నాయి, అంటే దఫాలుగా మార్చారు. చదరపు మీటరుకి సుమారు 15 పెంకులు పడతాయి. కొనేముందు పాత పెంకు ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళాలి. అచ్చుల కొలతలు కార్ఖానాకి కార్ఖానాకి కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తాయి, గాడులు కలవకపోతే వరసంతా లేస్తుంది. బాగున్న పాత పెంకులన్నీ వీధి వైపుకి మార్చి, కొత్తవి పెరటి వైపు వేశాం. పెంకులు ఆనే చెక్క పట్టీల మధ్య దూరం పాత పెంకుని బట్టి ఉంచాం. కొప్పు మీద సిమెంటు తీసి సున్నం, ఇటుక పొడి, ఇసుక కలిపిన ముద్దతో కొప్పు పెంకులు కూర్చోబెట్టాం. సిమెంటుతో అతికిన కొప్పు పెంకు విప్పితే పగిలి వస్తుంది, సున్నంతో అతికినది మళ్ళీ వాడుకోవచ్చు.

రావి మొక్కని పీకకూడదు. పీకితే వేరు తెగి సగం లోపల ఉండిపోయి మళ్ళీ చిగురిస్తుంది, లేదా గోడ ముక్కతో సహా ఊడివస్తుంది. కాండాన్ని గోడకి దగ్గరగా కోసి, కోసిన వెంటనే మోడు మీద గ్లైఫోసేట్ అనే కలుపు మందు బ్రష్షుతో పూయాలి. చిగుళ్ళు రావడం ఆగి, మోడు పూర్తిగా ఎండాకే ఆ చోట ఇటుకలు విప్పి వేరు తీసి, సున్నంతో తిరిగి కట్టాం.

నేల. ఇంటి చుట్టూ సిమెంటు చప్టా మొత్తం పగలగొట్టి తీసేశాం. పెరటి వైపు, పక్కల మట్టిని 250 మి.మీ. మేర తీసి పాత మట్టానికి దించాం. రోడ్డుని దించలేం కాబట్టి వీధి వైపు గోడకి 600 మి.మీ. ఎడంగా కాలువ తీశాం: వెడల్పు 300, లోతు 450 మి.మీ., వాలు మీటరుకి 10 మి.మీ. అడుగున చిల్లుల పైపు, చుట్టూ మట్టిని ఆపి నీళ్ళని పోనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ, పైన 40 మి.మీ. కంకర. ఇలాంటి కాలువ తవ్వేముందు ఒక చోట గుంట తీసి పునాది అడుగు ఎంత లోతులో ఉందో చూడాలి. పాత ఇళ్ళ పునాదులు మనం అనుకున్నంత లోతుగా ఉండవు. కాలువ పునాది అడుగుకంటే కిందకి పోతే మట్టి జారి గోడ కుంగుతుంది. మండువా నీళ్ళు బయటికి వచ్చే తూము పూడిపోయి అరుగు కింద నానుతోంది. దాన్ని శుభ్రం చేయించి ఇదే వాలులో కలిపాం.

సిమెంటు ఒలుపు

ఈ పనికి బ్రేకర్ మిషన్ రానివ్వలేదు. మిషను అదురుకి ఇటుకల మధ్య సున్నం వదులైపోతుంది. డొల్లగా మోగే చోట మొదలుపెట్టి, ఉలిని గోడకి వాలుగా పట్టి పూత వెనకనుంచి లేపాలి. చాలాచోట్ల పలకలుగా వచ్చింది. గట్టిగా పట్టుకున్న చోట, పూత లోతు మాత్రమే కోసేలా గ్రైండర్‌కి ఆపు బిగించి 150 మి.మీ. గళ్ళు కోశాం. ఆ తర్వాత ఒక్కో గడిని అంచునుంచి లేపాం. కోత నీళ్ళు చిమ్ముతూ చేయిస్తే దుమ్ము తగ్గుతుంది కానీ గోడ తడుస్తుంది, కాబట్టి పొడిగానే, మాస్కులు పెట్టించి చేశాం. కొన్ని చోట్ల ఇటుక ముఖం పూతతోపాటే ఊడింది. దక్షిణం గోడలో తలుపు పక్కన ఒక చదరపు మీటరు మేర ప్రతి ముక్కకీ అర అంగుళం ఇటుక అంటుకుని వస్తుంటే అక్కడ ఆపేశాం. అలాంటి చోట సిమెంటు ఉంచేయడమే తక్కువ నష్టం. ఇటుకే పోయాక సున్నం పూయడానికి గోడ ఏది?

30 మి.మీ. కంటే లోతుగా తినేసిన ఇటుకలని మాత్రమే మార్చాం. కొత్త ఇటుక పాతదానికంటే గట్టిగా ఉండకూడదు. పాత ఇటుకలు పలచన, కొలత వేరు. కూలిన పాత ఇళ్ళ ఇటుకలు తెచ్చి, ఉప్పు పరీక్ష చేసి, శుభ్రం చేసి వాడాం. ఉప్పున్న ఇటుక తెచ్చి పెడితే వేరే ఇంటి రోగం ఈ ఇంటికి తెచ్చినట్టే. సందులని ఇటుక మందంలో మూడో వంతు లోతు వరకు చెక్కి, 1:3 సున్నం, ఇసుకతో నింపాం.

ఉప్పు తీయడానికి ఉత్తరం గోడకి, దక్షిణం గోడ కింది భాగానికి పట్టు వేశాం. కాగితపు గుజ్జు 2 పాళ్ళు, చైనా మట్టి 1, కడిగిన సన్న ఇసుక 1, స్వేదన జలంతో కలిపి 15 నుంచి 20 మి.మీ. మందాన అద్దాం. పట్టు ఆరుతూ గోడలోని తడినీ దానితో కరిగిన ఉప్పునీ లాగుతుంది. పూర్తిగా ఆరి, పగుళ్ళు విచ్చి, దానంతట అదే ఊడేదాకా వదలాలి. ముందే తీస్తే ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. తీసిన పట్టుని గోడ మొదట్లో పడేయకుండా దూరంగా తీసుకెళ్ళి పారేయించాలి. ప్రతి పట్టునీ క్లోరైడ్, నైట్రేట్ పరీక్షకి పెట్టాం. ఫలితంలో మార్పు ఆగేదాకా మళ్ళీ మళ్ళీ వేశాం. బోరు నీళ్ళు ఈ పనికి వాడొద్దు. డెల్టా బోర్లలో చాలావాటిలో ఉప్పదనం ఉంటుంది.

సున్నం

పాత గార మిగిలిన చోట నుంచి నమూనా తీసి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం పొంగి కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. బరువుల తేడాతో పాళ్ళు లెక్కకట్టొచ్చు. కానీ కోస్తా ఇళ్ళలో ఈ లెక్క మోసం చేస్తుంది. ఇసుకలో ఉన్న గుల్ల ముక్కలూ ఆమ్లంలో కరుగుతాయి, సున్నం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. అందుకే ఆమ్లంలో వేసేముందు నమూనాని పగలగొట్టి భూతద్దం కింద చూడాలి. ఇక్కడ పాత గారలో గుల్ల ముక్కలు, ఎర్రటి ఇటుక పొడి రెండూ కనిపించాయి.

మేం వాడింది పిడుగురాళ్ళ రాతి సున్నం. బస్తాల్లో దొరికే పొడి సున్నం ఎంతకాలం గాలి పీల్చి ఉందో తెలియదు. పట్టు పోయిన సున్నంతో పూసిన పూత చేత్తో రుద్దితే రాలుతుంది. కాబట్టి బట్టీ నుంచి వచ్చిన గడ్డల సున్నమే తెప్పించాం. గడ్డ చేతికి తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే లోపల కాలని రాయి ఉన్నట్టు. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, తర్వాత సున్నం వేయాలి. సున్నం మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది. నీళ్ళు మరిగేంత వేడి పుడుతుంది కాబట్టి కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరకి రానివ్వొద్దు. విరిసిన సున్నాన్ని 2 మి.మీ. జల్లెడలో వడగట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, డ్రమ్ముల్లో మూడు నెలలు మాగబెట్టాం. మాగిన సున్నం గడ్డపెరుగులా కోతకి నిలబడాలి. జల్లెడ పట్టని సున్నంలో విరియని గింజలు పూతలోకి పోతాయి. నెలల తర్వాత అవి తేమ పీల్చి ఉబ్బి, గోడమీద నాణెం అంత పొక్కులు లేపుతాయి. పొక్కు అడుగున తెల్లటి గింజ కనిపిస్తే కారణం అదే.

ఇసుక గోదావరిది. కానీ పాయల్లో పోటు నీళ్ళు ఎక్కే చోట తీసిన ఇసుక వద్దు. లారీ దింపకముందే పిడికెడు ఇసుక సీసాలో కడిగి సిల్వర్ నైట్రేట్ వేసి చూశాం. గాజు సీసాలో ఇసుక, నీళ్ళు ఊపి గంటసేపు నిలబెడితే పైన పేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 5 శాతం దాటకూడదు. నది ఇసుక గింజ గుండ్రంగా ఉంటుంది, అందుకని సన్నం, లావు కలిసేలా రెండు రకాల ఇసుక కలిపాం. గింజలన్నీ ఒకే సైజులో ఉంటే మధ్య ఖాళీలు ఎక్కువ, సున్నం ఎక్కువ తాగుతుంది, ఆరేటప్పుడు బీటలు వేస్తుంది.

ఇటుక పొడి విషయంలో ఎక్కువమంది తప్పులో పడతారు. బాగా కాలిన గట్టి ఇటుక కొడితే వచ్చే పొడి రంగుకి తప్ప దేనికీ పనికిరాదు. సున్నంతో కలిసి తడిలో గట్టిపడే గుణం తక్కువ వేడిలో, 900 డిగ్రీలకి లోపల, కాలిన మట్టిలోనే ఉంటుంది. బట్టీ అంచుల్లో మిగిలే నారింజ రంగు మెత్తటి ఇటుకలు ఏరి కొట్టించాం. పరీక్ష తేలిక: సున్నం, ఆ పొడి సమంగా కలిపి ఉండ చేసి రెండు రోజులు తడిగుడ్డలో ఉంచి, తర్వాత నీళ్ళలో వేయాలి. వారం తర్వాత కూడా గోరు దిగకపోతే పొడి మంచిది. ఉండ విచ్చుకుపోతే ఆ పొడి పక్కన పడేయాలి.

కిటికీలు, తలుపులు తీసేస్తే పూత పూయాల్సిన గోడ సుమారు 240 చదరపు మీటర్లు. మూడు పొరలు వేశాం:

- మొదటిది సగటున 18 మి.మీ.: సున్నం 1, ఇటుక పొడి 1, ఇసుక 2. గుంటలు పూడ్చింది దీనితోనే, అయితే ఒక్క దఫాలో 10 మి.మీ. మించకుండా.
- రెండోది 7 మి.మీ.: సున్నం 1, ఇసుక 2½.
- మూడోది 2 మి.మీ.: సున్నం 1, జల్లించిన సన్న ఇసుక 1, కరక్కాయ నీళ్ళతో కలిపి.

వృథా పదో వంతు కలుపుకుంటే మాగిన సున్నం సుమారు 2.7 ఘనపు మీటర్లు, ఇసుక 5.4, ఇటుక పొడి 1.6 పడ్డాయి. మాగిన సున్నం అంత రావడానికి గడ్డల సున్నం 1,200 కిలోలు కావాలి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సున్నం ఇసుక గింజల మధ్య ఖాళీల్లోకి సర్దుకుంటుంది, కాబట్టి 1 పాలు సున్నం, 3 పాళ్ళు ఇసుక కలిపితే 4 పాళ్ళు రాదు, సుమారు 3 వస్తుంది. ఇది తెలియక ఇసుక తక్కువ తెప్పించి పని మధ్యలో వేరే ఇసుకతో నడిపితే గోడమీద ఆ గీత కనిపిస్తుంది.

సున్నం తొక్కే గానుగ ఇప్పుడు దొరకదు. బరువైన చక్రాలు తిరిగే పాన్ మిక్సర్‌లో అరగంట తక్కువ కాకుండా తొక్కించాం. కాంక్రీటు మిక్సర్‌లో సున్నం ఉండలు చుట్టుకుంటుంది. మాగిన సున్నంలో ఉన్న తడే చాలావరకు సరిపోతుంది. మేస్త్రీలు సిమెంటు అలవాటుతో నీళ్ళు అడుగుతారు. పోస్తే పూత తేలికగా సాగుతుంది కానీ ఆరాక నెర్రెలిస్తుంది. తొక్కేకొద్దీ ముద్ద మెత్తబడుతుందని వాళ్ళ చేతే చేయించి చూపించాక నీళ్ళు అడగడం ఆగింది.

కరక్కాయ నీళ్ళకి 20 లీటర్ల నీళ్ళలో కిలో నలగ్గొట్టిన కరక్కాయలు, అర కిలో నల్లబెల్లం వేసి రెండు మూడు రోజులు నాననిచ్చి వడగట్టాం. బెల్లం సున్నాన్ని సులువుగా సాగనిస్తుంది. ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది, బలం తగ్గుతుంది. నేల నుంచి మీటరు ఎత్తు లోపల బెల్లం వాడనేలేదు, అక్కడ తడికి బూజు పడుతుంది.

పూసే ముందురోజు సాయంత్రం, మళ్ళీ పూసేరోజు పొద్దున గోడ తడపాలి. చేయి పెడితే చల్లగా ఉండాలి, నీళ్ళు మాత్రం మెరవకూడదు. మొదటి పొరని తాపీతో పాముతూ పోకుండా విసిరి కొట్టించాం. విసిరితే సందుల్లోకి దిగి పట్టుకుంటుంది. వేసిన మర్నాడు, బొటనవేలు నొక్కితే గుర్తు పడీపడనట్టు ఉన్నప్పుడు చెక్కతో గట్టిగా రుద్దాలి. ఈ రుద్దుడు ఆరేటప్పుడు వచ్చే సన్నబీటల్ని మూసేస్తుంది. పడమటి గోడ మీద రెండో పొరలో వెంట్రుక సన్నపు బీటలు వలలా పడ్డాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలడంతో పై చర్మం ముందే ఎండింది. అక్కడ మళ్ళీ తడిపి చెక్కతో రుద్దించి, ఆ తర్వాత పడమటి గోడ పని సాయంత్రం పూటకి మార్చి, గోనె తెరలు కట్టించాం. తెర గోడకి తగలకూడదు. తగిలిన చోట మచ్చ పడుతుంది.

సిమెంటులా నీళ్ళు కొట్టి ఒదిలేస్తే సున్నం గట్టిపడదు. దానికి తడీ కావాలి, గాలిలోని బొగ్గుపులుసు వాయువూ కావాలి. రోజుకి మూడు నాలుగుసార్లు సన్నటి తుంపర చల్లి, మధ్యలో ఆరనిచ్చాం, పొరకీ పొరకీ మధ్య కనీసం పది రోజులు ఆగాం. గట్టిపడిందో లేదో చూడటానికి అంచున చిన్న ముక్క విరిచి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయాలి. గులాబీ రంగు వచ్చినంత మేర సున్నం ఇంకా మారలేదు. రంగు రాని అంచు ఎంత ఉంటే అంత గట్టిపడినట్టు. ఈ మార్పు నెలకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే లోపలికి పోతుంది. అందుకే మొదటి పొరలో ఇటుక పొడి అవసరం: గాలి అందని లోతులో కూడా అది తడితోనే గట్టిపడుతుంది.

ఉత్తరం గోడకి కింది 1.2 మీటర్ల మేర వేరే పూత వేశాం: సున్నం 1, లావు ఇసుక 3½, ఇటుక పొడి లేకుండా, చివరి నునుపు పొర లేకుండా. ఇది పాడవడానికే వేసిన పూత. పట్టుకి లొంగని ఉప్పు దీని రంధ్రాల్లోకి వచ్చి గడ్డకడుతుంది.

గార బొమ్మలు

గుమ్మం పైన చిలకలు పెయింటు పొరల కింద ముద్దలైపోయాయి. కాస్టిక్ సోడాతో కడగొద్దు, ఉప్పు లోపలికి పోతుంది. ఆమ్లం తగిలితే గారే కరిగిపోతుంది. పెయింటు మెత్తబరిచే జెల్‌ని చిన్న భాగాల్లో పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, మెత్తబడ్డాక వెదురు పుల్లలతో తీశాం. ఇనుప పరికరం సున్నం మీద గీతలు పెడుతుంది, వెదురు పెట్టదు. పెయింటు పోయాక కుడి చిలక రెక్క ఈకల్లో ఒక్కో ఈక మధ్య కత్తి మొనతో తీసిన సన్న గీత బయటపడింది. ఎడమ చిలకకి ముక్కు, రెక్క సగం లేవు. లోపల పెట్టిన ఇనుప మేకు తుప్పుపట్టి ఉబ్బి, గారని పగలగొట్టింది. మేకు తీసి రాగి తీగ చుట్టాం. కుడి చిలక కొలతలని తిప్పి గీసుకుని, సున్నం 1, పాలరాతి పొడి 1, సన్న ఇసుక 1 పాళ్ళతో 5 మి.మీ. పొరలుగా పెంచాం. చూరు కింది పట్టీలకి మిగిలిన మంచి ముక్క నుంచి రేకు అచ్చు కోసి, చెక్క మీద బిగించి లాగించాం.

చెక్క, రంగు

తలుపుల మీది పాత ఎనామెల్ పొరల్లో సీసం ఉందనే అనుకుని పనిచేయాలి. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్ళు) పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పొడి గరుకు కాగితం, మంట రెండూ వద్దన్నాం. తడిపి గీకించి, గీకిన రేకుల్ని పట్టా మీదకి రాల్చి మూటకట్టించాం. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ రోజుల్లో వాళ్ళని అటు రానివ్వొద్దు.

వసారా స్తంభాల్లో రెండింటి అడుగు పుచ్చింది. స్తంభం మొదట్లో సిమెంటు గచ్చు ఎత్తుగా పోయడంతో నీళ్ళు అక్కడ నిలిచాయి. బరువుని జాకీల మీదకి తీసుకుని, పుచ్చిన మేర కోసి, పాత టేకుతో ఏటవాలు అతుకు వేశాం. అతుకు పొడవు స్తంభం మందానికి మూడు రెట్లు, బిగింపు టేకు మేకులతో. కొత్త కాలు కింద రాతి దిమ్మె, మధ్యన సీసపు రేకు. చెక్కకి వేడి చేసిన అవిసె నూనె పలచగా మూడు దఫాలు పట్టించాం, ఒక దఫా పూర్తిగా ఆరాకే మరొకటి. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో వేయాలి.

గోడ రంగుకి గుమ్మం పక్కన మిగిలిన పాత గార మీద కత్తితో పొర వెంట పొర గీకి చూశాం. అట్టడుగున తెల్ల సున్నం, దానిపైన పచ్చమట్టి పసుపు, కింది పట్టీ జేగురు. అదే వేశాం. రెండూ ఇనుము ఉన్న మట్టి రంగులు, సున్నంలో వెలవవు. రంగుని ముందురోజు రాత్రి నీళ్ళలో నానబెట్టి వడగట్టి, సున్నం బరువులో 5 శాతం లోపలే కలిపాం. మాగిన సున్నం 1 పాలుకి నీళ్ళు 4 నుంచి 5 పాళ్ళు, పాలలా పలచగా. తడి గోడ మీద రోజుకొకటి చొప్పున ఆరు పూతలు. మొదటి పూత వేసినప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాకే రంగు తేరుతుంది. చిక్కగా కలిపితే రేకులుగా లేస్తుంది. వెల్లవేసేటప్పుడు ఉప్పు కలిపే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. ఈ గోడలకి ఉప్పు ఒక్క చిటికెడు కూడా కలపనివ్వలేదు.

ఇంటివారికి ఇచ్చిన కాగితంలో ఉన్నవి ఇవి. వానాకాలానికి ముందు చూరు పెంకులు చూసుకోవాలి, మండువా తూము, కంకర కాలువ శుభ్రం చేయించాలి. గోడ మొదట్లో మొక్కల కుండీలు పెట్టొద్దు, చప్టా పోయొద్దు. మూడు నాలుగేళ్ళకొకసారి రెండు పూతల సున్నం వేయించాలి. మిగిలిన మాగిన సున్నం రెండు డ్రమ్ములు నీళ్ళ కింద పెరట్లో ఉంచాం, గాలి తగలనంతకాలం చెడదు. మొదటి వానాకాలం గడిచాక తూర్పు, దక్షిణం గోడల్లో పూత ఎక్కడా డొల్ల మోగలేదు. ఉత్తరం గోడ కింది పూత మీద తెల్లటి నూగు వచ్చింది, అక్కడక్కడ ఇసుక రాలుతోంది. దాన్ని తడపకుండా పొడి బ్రష్షుతో దులిపి ఎత్తిపోయమని చెప్పాం. రాలడం 10 మి.మీ. లోతుకి చేరినప్పుడు ఆ 1.2 మీటర్ల పూత మొత్తం తీసి, వెనక ఇటుకకి మళ్ళీ ఉప్పు పరీక్ష చేసి, అవే పాళ్ళతో తిరిగి వేయాలి.